పురుగులు పండిన జైలు

వెనకటి కాలంలో తప్పుచేసిన సిపాయిలను బంధించిన రాతి జైలొకటి బూదికోట అవతల మా ఊరి గుట్ట మీద ఉంది. ఈమధ్య దానికి సున్నం కొట్టి టికెట్టు పెట్టారు. మొన్న వెళితే ఆ కొత్త సున్నం వాసన అడుగున పచ్చి మల్బరీ ఆకు వాసన తగిలినట్టయి, కళ్ళు మూసుకుని గోడకు ముక్కు ఆనించాను; పక్కనున్నామె తన బిడ్డను కాస్త దూరం జరుపుకుంది.

నేను బడికి దండం పెట్టేసిన ఏడు, ముంగారు తొలకరి వానకు మా పట్టుపురుగుల కొట్టం కూలింది. పురుగులేమో చివరి పొర విడిచి, ఆకలి మీదున్నాయి. పంట పోతే ఆవు గంగిని అమ్మాల్సిందే. నంగలి నుంచి వచ్చిన పశువుల బేరగాడు అప్పటికే మా అరుగెక్కి, మా రాగిముద్దే ఉలవచారులో ముంచుకు తింటూ గంగి కొమ్ములను పొగుడుతున్నాడు. అమ్మకు పాడుబడిన జైలు గుర్తొచ్చింది.

"ఏమ్మే, జైల్లో పెడితే పురుగు గూడు కడతాదా?" అని అవ్వ అమ్మను నిలేసింది.

"కట్టక యాడికి పోతాది అవ్వా, తలుపేసుండాది కదా!" అన్నాను నేను.

"నోరు ముయ్యి, ల్యాకుంటే నిన్నూ ఆడే పెడతా," అంది అమ్మ.

తట్టలు నెత్తిన పెట్టుకుని తడుస్తూ గుట్టెక్కాం. కొట్టం కట్టుబాట్లన్నీ జైలుకూ వచ్చాయి: కాళ్ళు కడగందే లోపలికి రాకూడదు, తాలింపు వాసన తగలకూడదు, గట్టిగా మాట్లాడకూడదు. సిపాయిల శిక్షలేమిటో గానీ, నాకు ఆ మూడోది చాలు. సన్నటి కిటికీ వెలుతురులో, కుంపటి వెచ్చదనంలో, పురుగులు ఆకు నమిలే చప్పుడు బయటి వానతో కలిసిపోయి, ఏ వాన ఎక్కడ కురుస్తోందో తెలియక నేను నిద్రలోకి జారుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం లోపలి వాన ఆగిపోయింది. పురుగులు చచ్చాయేమోనని అమ్మ మొహం పాలిపోయింది. ఒక పురుగును కిటికీ దగ్గరికి ఎత్తింది. ఒళ్ళంతా పండు ద్రాక్షలా వెలుగు దాటుతోంది.

"గూటికి పండినాయి అత్తా," అంది, గుసగుసగానే.

గూడు కట్టదన్న అవ్వే అందరికన్నా ముందు వాటిని ఏరి, చంద్రికలనే వెదురు తడికల మీద వేసింది. ఖైదీలు తమ గదులు తామే కట్టుకున్నారు. అన్ని రోజులూ మా అరుగు వదలని బేరగాడు ఆఖరి ముద్ద తిని, గంగి వీపు నిమిరి, ఒట్టి పగ్గంతో వెళ్ళిపోయాడు.

"ఈ గదిలో ఎవురుండినారో తెలుసునా?" గైడు కుర్రాడి గొంతుకు ఉలిక్కిపడి, సున్నం గోడ ముందు కళ్ళు తెరిచాను.

"మావాళ్ళేనప్పా. తట్టల నిండా ఉండినారు."

"ఏం తప్పు చేసినారక్కా?"

"ఆకు తిన్నారు."

అందరూ నవ్వారు. పట్టుపురుగులప్పా అని నేనే విడమరచి చెప్పాల్సొచ్చింది. కింద మా మల్బరీ తోట జాగాలో కార్లు మెరుస్తున్నాయి. జనం పక్క గదికి కదిలాక ఆ కుర్రాడు దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు:

"అక్కా, పట్టుపురుగు ఎంతుంటాది?"

మా ఊరి పిల్లాడే, పురుగును చూసెరగడు. నా చిటికెన వేలు చూపించాను.