దిగడానికి వీల్లేని విమానం

మొన్న మా అమ్మాయి లాప్‌టాప్‌లో విమానం నడిపే ఆట తెరిచి, కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం పెట్టిన రెండు సీట్ల బుల్లి విమానాన్ని ఎంచుకుంది. అది చూడగానే నా పొత్తికడుపు బిగుసుకుంది.

నాకు పదేళ్లప్పుడు, శబరి ఒడ్డున ఉన్న కోంటాలో మా బట్టల దుకాణానికి బాబాయి కంప్యూటర్ తెచ్చాడు. అందులోనూ ఇలాంటి ఆటే ఉంది. నేను ఊరంత జెట్ మీద వేలు పెట్టాను.

"అది నీ మాట వినదురా. ఇగో, ఈ చిన్నది తీస్కో. నువ్వెన్ని తప్పులు చేసినా ఓర్చుకుంటది," అన్నాడు బాబాయి. పక్క సీటు తనదంటూ నాయనమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది.

ఓర్చుకునే విమానం ఎద్దుబండికన్నా నిదానం. అరగంటకల్లా ఒంటికొచ్చి నా పొత్తికడుపులో శబరి నది పొంగింది. అయినా కుర్చీలోంచి లేవలేను. మా జగదల్‌పూర్ బస్సు అడవిలో ఎవరి కోసమూ ఆగేది కాదు. విమానమూ అంతే అనుకున్నాను. నేను లేస్తే నాయనమ్మ కూలిపోతుంది!

"ఏందిరా, ఏడుస్తున్నవ్?" అన్నాడు బాబాయి.

చెప్పాను. ఆయన ఒక్క మీట నొక్కాడు. విమానం ఆకాశంలోనే నిలబడిపోయింది.

"నడుమల ఆపొచ్చా?" అంటూ నాకన్నా ముందు నాయనమ్మ లేచింది. "ముందే చెప్పొద్దారా! జరుగు, నేను పోయొస్త."

ఆ జగదల్‌పూర్ బస్సులో ఆమె ఎన్నేళ్లు నోరు మెదపకుండా బిగబట్టుకుని కూర్చుందో నాకు ఇప్పుడు తడుతోంది.