ప్లాట్లు చూపినట్టు మమ్మల్ని చూపబోయి

నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. టీ నిలబడే తాగుతాను. ఫోన్ వస్తే రోడ్డు మీద ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తూ మాట్లాడతాను. పని కూడా నాకు తగినదే దొరికింది. సూర్యాపేటలో ఉంటూ ప్లాట్లు అమ్మిస్తాను. ఆదివారం పొద్దున్నే జనాన్ని ఒక బండిలో ఎక్కించుకుని, హైవే పక్కన హద్దురాళ్ళు పాతిన చేలో దింపి, ఇదిగో ఇక్కడ పార్కు వస్తుంది, అదిగో అక్కడ నలభై అడుగుల రోడ్డు పడుతుంది అని చెయ్యి చాపి చూపిస్తాను. మధ్యాహ్నం బిర్యానీ పెట్టించి ఎవరింటి దగ్గర వాళ్ళను దింపేస్తాను. ఈ పని నాకు నేర్పింది కోదాడలో ఒక పెద్ద బ్రోకరు. కాకా అని పిలుస్తాను. కోదాడలోనూ, సూర్యాపేటలోనూ, మిర్యాలగూడలోనూ ఆయన వద్దన్న జాగాను ఏ బ్రోకరూ ముట్టుకోడు. ఆయన నాకు పెళ్ళి సంబంధాలు కూడా తెచ్చాడు. జాతకంలో దోషం ఉందని ఒకసారి, అప్పులున్నాయని ఒకసారి చెప్పి తప్పించుకున్నాను. నలభై దాటాక ఆయనే విసిగి ఊరుకున్నాడు.

అసలు సంగతి నా మనసు మగవాళ్ళ మీదికే పోతుంది. ఇది హైదరాబాద్‌లో కొందరికి తెలుసు. సూర్యాపేటలో పురుగుకు కూడా తెలియదు.

హైదరాబాద్‌లో తెలిసినవాళ్ళలో ఒకామె, నా స్నేహితురాలు, ఆదివారాలు పాతబస్తీ చుట్టూ జనాన్ని నడిపిస్తుంది. మా చరిత్ర చూపిస్తుంది. మా అంటే హిజ్రాలది, మగవాళ్ళతో బతికిన మగవాళ్ళది, ఆడవాళ్ళతో కాపురం చేసిన ఆడవాళ్ళది. ఫలానా మేడ మీద ఎవరు కలుసుకునేవారు, ఫలానా ఇరానీ హోటల్లో ఏ మూల బల్ల మావాళ్ళ కోసం ఉండేది, ఇలాంటివన్నీ. మొదటిసారి వెళ్ళినప్పుడు ఏడుపొస్తుందేమోనని చివరిదాకా ఎవరి ముఖమూ చూడలేదు. నడక అయిపోయాక టీ దగ్గర ఆమె, వారం వారం జనానికి లేని పార్కులు చూపిస్తావు కదా, ఉన్న మనల్ని మీ ఊళ్ళలో ఒక్కసారి చూపించరాదా అంది. నవ్వి వచ్చేశాను. కానీ ఆ మాట జోరీగలా చెవి దగ్గరే తిరిగింది. బైకు మీద పోతున్నా అదే, పార్టీతో బేరం మాట్లాడుతున్నా అదే.

చివరికి నేనే ఫోన్ చేశాను. హైదరాబాద్ నుంచి ఒక టెంపో ట్రావెలర్, అందులో ఆమె తెచ్చే జనం, సూర్యాపేట నుంచి నేను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఆ మీద నాగార్జున సాగర్. సాగర్ ఎందుకని ఆమె కోప్పడింది. గేట్లెత్తారు, సాగర్ కలపకపోతే బండి నిండదు అన్నాను. నిజంగానే సాగర్ పేరు చెప్పాకే బండి నిండింది.

నేను అందరికీ చూపించాలనుకున్నది మాత్రం కోదాడలో ఒక ఇల్లు. డిగ్రీ చదివేటప్పుడు ఆ ఇంటి ఎదురుగా కిరాయి గదిలో ఉండేవాణ్ణి. ఆ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు. ఒకామె సర్కారు దవాఖానలో నర్సు, మిర్యాలగూడ వైపు క్రైస్తవుల అమ్మాయి. ఇంకొకామె టీచరు, సరిహద్దు అవతలి ఆంధ్రా ఊరు నుంచి వచ్చింది. పొద్దున్నే నర్సమ్మ లూనా నడుపుతుంటే వెనక టీచరమ్మ గొడుగు పట్టుకుని కూర్చునేది. సాయంత్రం కూరలో ఉప్పు మీద గట్టిగా పోట్లాడుకునేవారు. కాసేపటికి అరుగు మీద ఒకరి తలలో ఒకరు నూనె రాసుకుంటూ కనిపించేవారు. ఒకరిది చర్చి, ఒకరిది తులసికోట. అయినా గల్లీలో అందరూ వాళ్ళను అక్కాచెల్లెళ్ళు అనేవారు, అంతకుమించి ఎవరూ అడగలేదు. నేను మాత్రం కిటికీలోంచి చూస్తూ, ఇలా కూడా ముసలివాళ్ళు కావచ్చన్నమాట అనుకునేవాణ్ణి. అప్పటిదాకా నాకు ముసలితనం అంటే నేనొక్కణ్ణే ఉన్న గది ఊహకొచ్చేది.

నర్సమ్మ పోయిన చలికాలంలో చనిపోయింది. ముందు టీచరమ్మను అడుగు, ఆమె సరేనంటేనే ఆ గల్లీలోకి పోదాం అని నా స్నేహితురాలు గట్టిగా చెప్పింది. అడగడానికని వెళ్ళాను కూడా. గేటు దాకా పోయి బైకు తిప్పేశాను. ఏమని అడుగుతాను? మీ ఇద్దరి గురించి చెప్పుకుంటాం అనాలంటే, నీకెందుకు, నువ్వెవరు అని ఆమె అడుగుతుంది. అడిగాను, సరేనంది అని స్నేహితురాలికి చెప్పేశాను. గల్లీ మొగలో, రోడ్డు మీదే నిలబడి, పేర్లు చెప్పకుండా నాలుగు ముక్కలు చెప్పి వెళ్ళిపోతే ఎవరికి నష్టం అనుకున్నాను.

ఆ ఆదివారం సూర్యాపేటలో మొదట ఆగిన చోటు ఒక మొబైల్ దుకాణం. అది ఒకప్పుడు ఫొటో స్టూడియో. పెళ్ళి కాని మగవాళ్ళు జంటలుగా వచ్చి, కుర్చీలో ఒకరు, కుర్చీ చేయి మీద ఒకరు కూర్చుని ఫొటోలు దిగేవారని అక్కడ పనిచేసిన ఒకాయన నాకు చెప్పాడు. అదంతా చెబుతూ పై అంతస్తు వైపు అలవాటుగా చెయ్యి చాపాను. దుకాణం ఓనరు బయటికి వచ్చి, అన్నా గీడ ఏం వెంచర్ పడుతున్నది, గజం ఎంత అని అడిగాడు. బండి బండంతా పగలబడి నవ్వింది. నేను కూడా నవ్వుతూ జేబులోంచి విజిటింగ్ కార్డు తీసి ఇచ్చాను. అదీ అలవాటే. తెల్ల చొక్కా, చేతిలో నీళ్ళ సీసా, వెనక పదిమంది. నన్ను చూసి ఇంకేమనుకుంటాడు?

కోదాడలో గల్లీలోకి బండి పోదు. దిగి నడిచాం. ఎండ చురుక్కుమంటోంది. త్వరగా చెప్పి త్వరగా బయటపడాలని నాకు లోపల ఒకటే గాభరా. మొగలోనే ఆగుదామనుకున్నవాణ్ణి, వెనక వాళ్ళకు ఇల్లు కనబడడం లేదంటే ఇంకాస్త ముందుకు, ఇంకాస్త ముందుకు పోయి సరిగ్గా గేటు ఎదుట నిలబడ్డాను. చెయ్యి చాపాను. ఒకరు ఫోన్ ఎత్తి ఫొటో తీశారు. పక్కింటివాళ్ళు తలుపులు తీసుకుని వచ్చారు. నర్సమ్మ ఇల్లు అమ్మకానికొచ్చింది గదా, దాన్నే సూడనీకొచ్చిండ్రు అని ఎవరో అంటున్నారు.

టీచరమ్మ బయటికి వచ్చింది. జుట్టు పూర్తిగా నెరిసింది, మనిషి సగమైంది. గేటు తెరవలేదు. పైకమ్మీని రెండు చేతులతో పట్టుకుని మమ్మల్నందరినీ చూసింది.

"బయానా రేపన్నారుగా, ఇవాళే వచ్చేశారేంటండీ?" అని నన్ను అడిగింది.

నేను చాపిన చెయ్యి దించాను. ఆమె ఇక ఆగలేదు. ఇల్లు నర్సమ్మ పేరు మీద ఉందట. కాగితం ఏదీ రాయకుండానే నర్సమ్మ కన్నుమూసింది. ఆమె అన్న కొడుకులు వచ్చి, నెల తిరిగేలోగా ఖాళీ చెయ్యమన్నారు. బ్రోకర్లను తెస్తూనే ఉన్నారు. మరునాడు కొనే పార్టీ వచ్చి అడ్వాన్సు, అదే బయానా, ఇస్తే ఇల్లు చేయి దాటినట్టే. ఇవన్నీ నాతో కాదు, నా వెనక ఉన్న జనంతో చెప్పింది. వాళ్ళు ఇల్లు కొనేవాళ్ళే అనుకుంది.

"ఇటుకలు తడిపింది నేను. ఆవిడ పోతుంటే చెయ్యి పట్టుకుంది నేను. మీరేమవుతారని ఆస్పత్రిలో అడిగితే చెల్లెల్నని చెప్పాను. సమాధి దగ్గర కూడా చెల్లెల్ననే చెప్పాను. బతుకంతా అదే చెప్పామండీ, ఇద్దరం. ఇప్పుడా పిల్లలు, సొంత చెల్లెలివి కూడా కాదుగా, నీకేంటి హక్కు అంటున్నారు. నేనేం చెప్పాలి వాళ్ళకి?"

నా స్నేహితురాలు ముందుకు వచ్చి, మేం ఇల్లు కొనడానికి రాలేదమ్మా అని మెల్లగా మొదలుపెట్టి, ఎందుకు వచ్చామో చెప్పింది. దాచకుండా చెప్పింది. మాలాంటి వాళ్ళం, మీలాంటి వాళ్ళు ఇక్కడ బతికారని తెలుసుకోవడానికి వచ్చాం అంది. మీరు ఒప్పుకున్నారని ఈయన అన్నాడు అని కూడా చెప్పింది. టీచరమ్మ నా వైపు తిరిగింది. ఎదురింటి కిరాయి గదిలో ఉన్న కుర్రవాడినని గుర్తుపట్టిందో లేదో తెలియదు.

"టిక్కెట్టు పెట్టి చూపిస్తున్నావా బాబూ మమ్మల్ని?" అని, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. గడియ పడ్డ చప్పుడు వినిపించింది.

పక్కింటామె చెంగుతో కళ్ళు తుడుచుకుంటూ, మాకు తెల్వదా ఏంది, అందరికీ ఎరుకే అంది. నాకు ఒళ్ళు మండింది. ఎరుకైతే ఇన్నేళ్ళు అక్కాచెల్లెళ్ళని ఎందుకు పిలిచారని అడగబోయి నోరు మూసుకున్నాను. నేను మాత్రం చేసిందేముంది?

మిర్యాలగూడ దాకా నా స్నేహితురాలు నాకు వీపు పెట్టి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. వెనక ఎవరో సాగర్‌కు ఎన్నింటికి చేరతామని అడుగుతున్నారు. నేను సీటులో కూర్చోలేక డ్రైవరు పక్కన వంగి నిలబడ్డాను. మిర్యాలగూడలో ఒక పెద్ద హిజ్రా మా కోసం బగారన్నం, చికెన్ వండి ఎదురుచూస్తోంది. కొత్త రైసు మిల్లు తెరిస్తే మొదటి బస్తా మీద ఆమె చేయి పడాల్సిందేనని ఎంత పెద్ద సేట్లయినా కబురు పెట్టి పిలుస్తారు. ఆ కథలన్నీ ఆమె చెప్పాలి, మేం వినాలి. ఆలస్యమైనందుకు ముందు తిట్టింది. తరవాత నా ముఖం చూసి ఏమైందని అడిగింది. చెప్పాను. ఆమె గరిటె గిన్నెలో పెట్టేసింది.

"ప్లాటు అమ్మనీకి పొద్దంత మాట్లాడుతవ్ బిడ్డా. ఒక ఇల్లు అమ్ముడు పోకుంట ఆపనీకి నీకు నోరు లేస్తలేదా?"

ఆమె తిట్టడానికే అంది. కానీ నాకు పని పరంగా వినిపించింది. మా పనిలో ఇల్లు ఎంత బాగున్నా, లోపల లొల్లి, అంటే హక్కు తగాదా, ఉందని తెలిస్తే బయానా పడదు. లొల్లి ఉందని చెప్పాల్సింది ఒక్క మనిషికి, కాకాకు. ఆయన వద్దంటే ఏ బ్రోకరూ ఆ గల్లీలో కాలు పెట్టడు. అన్నం ముట్టకుండానే లేచాను. నా స్నేహితురాలు నా చెయ్యి పట్టుకుని, ఈసారైనా నిజం చెప్పు అంది. వాళ్ళు సాగర్‌కు పోయారు. నేను హుజూర్‌నగర్ మీదుగా కోదాడ బస్సు ఎక్కాను. సీటు ఖాళీగా ఉన్నా ఫుట్‌బోర్డు దగ్గరే నిలబడ్డాను. కండక్టరు లోపలికి రమ్మని రెండుసార్లు కసిరాడు.

కాకా ఆఫీసులో లైట్లు వేసే వేళైంది. ఆయన టేబులు మీద అనంతగిరి వైపు కొత్త వెంచరు మ్యాపు పరిచి ఉంది. దాని గురించే వచ్చాననుకుని కుర్చీ చూపించాడు. నర్సమ్మ ఇంటి సంగతి అన్నాను. రేపు బయానా, పార్టీ మంచిది అన్నాడు. ఆ ఇంట్లో లొల్లి ఉంది కాకా, ఆపండి అన్నాను. ఏం లొల్లి, ఆ ముసలామె చెల్లె అని చెప్పుకుంటది గని చెల్లె కూడా కాదంట గదా అన్నాడు.

"చెల్లె కాదు కాకా."

"మరి ఏమైతది?"

"కాపురం జేసింది. ఇద్దరు గా ఇంట్ల కాపురం జేసిండ్రు."

ఆయన మ్యాపు మీద పెట్టిన పెన్సిలు తీయలేదు. ఆడది ఆడదానితో కాపురం చేయడమేంది, నీకెట్ల ఎరుక అన్నాడు. అప్పటికి ఇంకా దారి ఉంది. గల్లీలోవాళ్ళు చెప్పారు అనొచ్చు, ఎదురుగదిలో ఉన్నప్పుడు చూశాను అనొచ్చు. రెండూ నాలుక చివరి దాకా వచ్చాయి.

"నేను గూడ గసొంటోన్నే. పెండ్లి అందుకే వద్దన్న."

ఆయన తలెత్తి నన్ను చూశాడు. తెచ్చిన సంబంధాలన్నీ ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుంటున్నట్టున్నాడు. ఏదో ఒకటి అనండి కాకా అని బతిమాలాలనిపించింది. ఆయన ఫోన్ తీసి, మరునాడు పార్టీని తేవాల్సిన బ్రోకరుకు చేశాడు.

"గా నర్సమ్మ ఇంటికి పార్టీని తేకు. కేసయితది. ఆమె పెండ్లాం ఉన్నది అందుట్ల." అవతల ఏం అడిగారో, ఏం చెప్పాడో సరిగా వినలేదు. "చెప్పిన గదా, పెండ్లామే. మనోళ్ళందరికీ చెప్పు" అని పెట్టేశాడు.

తరవాత మ్యాపు చుట్టేసి, నా ముఖం చూడకుండా, రేపటి నుంచి నా సైట్ల మీదికి రావద్దు అన్నాడు. సరే కాకా అన్నాను. నాకు చాలా భయం వేసింది, ఏడుపు కూడా వచ్చింది. కానీ మెట్లు దిగుతుంటే ఆయన ఫోన్లో అన్న ఆ ఒక్క మాటే చెవుల్లో ఉంది. ఇన్నేళ్ళలో టీచరమ్మను ఆ మాటతో పిలిచిన మొదటి మనిషి నన్ను వెళ్ళగొట్టిన ఆయనే.