పట్టుకునే చోటు లేని విండో

పొద్దున పావు తక్కువ పదికి బాసు లిఫ్ట్ దిగుతాడు. యాభై ఏళ్ల ప్రోగ్రామర్ కుర్చీలోంచి లేచి "గుడ్ మార్నింగ్ సార్" అంటాడు. ఆ బాసు ఆయనకు సొంత బావమరిది, పద్నాలుగేళ్లు చిన్నవాడు. పాత కంపెనీ మూతపడ్డాక భార్యే తన తమ్ముడితో మాట్లాడి ఈ సీటు ఇప్పించింది.

రక్తపరీక్షల ల్యాబుల కౌంటర్లకు వీళ్లు సాఫ్ట్‌వేర్ చేస్తారు. ఈసారి విండో చుట్టూ అంచు, పైన పేరుండే టైటిల్ బార్ తీసేయమన్నాడు బావమరిది. పాత ట్రంకుపెట్టెలా ఉందట. తీసేశాక విండో తెర మధ్యలో మేకు కొట్టినట్టు ఉండిపోయింది.

"ఇది కదలదేంటి బావా?"

"పట్టుకునే చోటు మీరే తీయించారు కదా సార్."

పైన సన్నటి పట్టీ ఒకటి వదిలి, అక్కడ మౌస్ నొక్కి లాగితే విండో వెంట వచ్చేలా ఆయన కోడ్ రాశాడు. నొక్కిన చోటు గుర్తుపెట్టుకోవడం, చెయ్యి ఎంత జరిగితే విండోను అంత జరపడం, వదలగానే ఆపడం, అంతే పని. బావమరిదికి అది ఆనలేదు. ఎక్కడ పట్టుకున్నా కదలాలన్నాడు.

"పేషెంట్ల పేర్ల జాబితా మీద మాత్రం వద్దు సార్. నొక్కేటప్పుడు చెయ్యి కాస్త జరిగినా విండో కదులుతుంది, నొక్కిన పేరు పడదు, ముందున్న పేరే ఉండిపోతుంది."

"అబ్బా, అన్నిటికీ అడ్డుపుల్లేనా! చెప్పింది చెయ్యి బావా."

బాసు ఇంకెవరైనా అయితే ఆ మాట మెయిల్లో పెట్టేవాడు. బావమరిదికి పెడితే, మా తమ్ముడి మీద సాక్ష్యాలు పోగేస్తున్నారా అని ఇంట్లో రభస. నోటిమాటతో సరిపెట్టి, చెప్పింది చేశాడు.

ల్యాబుల్లో పెట్టిన మూడో వారం, ఒక కౌంటర్లో అమ్మాయి హడావిడిగా పేరు నొక్కింది. చెయ్యి జరిగింది, విండో అంగుళం కదిలింది, ముందు మనిషి పేరే ఉండిపోయింది. చూసుకోకుండా ప్రింటు తీసి ఇచ్చేసింది. ఒకరి రిపోర్టుతో ఇంకొకరు రెండు రోజులు మందులు మింగారు.

ల్యాబు యజమాని ఫోను చేస్తే బావమరిది స్పీకరు పెట్టి అందరి ముందూ అన్నాడు. "మా దగ్గరో పెద్దాయన ఉన్నాడండీ, పరధ్యానం. తీసేస్తున్నాం."

ఇంటికి తెలిసిపోయింది.

"తమ్ముడి పరువు తీశారు" అంది భార్య.

"వాడికి ముందే చెప్పాను."

"ఏదీ, చెప్పినట్టు ఒక్క ముక్క చూపించండి."

ఆయన తినకుండానే చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు ఆఫీసు తలుపు దగ్గర ఆయన కార్డు పనిచేయలేదు. అద్దంలోంచి అందరికీ కనబడుతూనే నిలబడ్డాడు. లోపలి నుంచి ఆయన సామాను సంచి బయటికి రావడానికి పదకొండు నిమిషాలు పట్టింది.