ఇద్దరు రాజులు, ఒక ఇత్తడి బిళ్ల

మదనపల్లె బస్టాండులో పొద్దున అయిదున్నరకు శ్రీనివాసపురం మీదుగా కోలారు పోయే బస్సెక్కాను. బడిలో లెక్కలు చెప్పే నేను పేకాట కోసం రాష్ట్రం దాటి పోతున్నానంటే ఇంట్లో నవ్వారు. నవ్వితే నవ్వారు, కిటికీ సీటు దొరికింది, అది చాలు.

నేను పోతున్నది మా నాన్న బిళ్ల కోసం. నాన్న ముప్పై ఏళ్లు చాంపియన్ రీఫ్స్ బంగారు గనిలో పనిచేశాడు. లోపలికి దిగే ప్రతి మనిషికీ నెంబరు కొట్టిన ఇత్తడి బిళ్ల ఒకటి ఉండేది. దిగేటప్పుడు మేకు నుంచి తీసుకుపోవాలి, పైకి రాగానే మళ్లీ తగిలించాలి. రిటైరయ్యాక నాన్న దాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు, ఆ వారమే పేకాటలో స్నేహితుడు దానియేలుకు ఓడిపోయాడు. పోయిన ఏడాది చనిపోయేదాకా ఆ ఆట గురించే చెప్పేవాడు. "చేతిలో ఇద్దరు రాజులమ్మా. ముందు మాట్లాడాల్సింది నేను. మెత్తగా పోయినాను, అందరూ దూరినారు" అని. ఆయన వస్తువు ఒక్కటి నా దగ్గర ఉండాలని నాకు చాలా కోరికగా ఉండింది.

గౌనిపల్లిలో బస్సు పది నిమిషాలు ఆగింది. అది నాన్న పుట్టిన ఊరే. టమాటా పెట్టెలు పైకెక్కిస్తుంటే పక్కసీటు ఆమె యాడికని అడిగింది. దానియేలు మామ ఉండే గనుల ఊరు కోరమండల్ పేరు చెప్పాను. "గనులు మూసేసినారు గదమ్మా, ఆడ ఇంగేముండాది?" అంది. చూడాల్సినవాళ్లు ఉన్నారని చెప్పాను.

ఎనిమిదింటికి కోలారులో దిగి ఇడ్లీ తిన్నాను. చట్నీ కారం కళ్లలో నీళ్లు తెప్పించింది. మరో బస్సులో బంగారుపేట, అక్కడ తొమ్మిదిన్నరకు మారికుప్పం రైలు. పదికి కోరమండల్ స్టేషన్లో దిగాను. అక్కణ్ణుంచి కార్మికుల ఇళ్ల వరసలకు నడిచి పోవచ్చు, ఆటో అక్కర్లేదు.

దానియేలు మామ చర్చి నుంచి అప్పుడే వచ్చి, తెల్ల చొక్కా విప్పకుండా వసారాలో కూచుని ఉన్నాడు. పక్కన మునిరత్నం, అరుళ్, ఇద్దరూ గనిలో ఆయనతో దిగినవాళ్లే. గోడకు చెక్క బోర్డు, దానికి ఏడు మేకులు, గనిలో కలిసి దిగిన ఏడుగురివీ ఏడు బిళ్లలు. ఎడమ నుంచి మూడోది నాన్నది. కొనుక్కుంటానంటే మామ తల అడ్డంగా ఊపాడు. ఆటలో వచ్చింది ఆటలోనే పోవాలని ఫోనులో అన్న మాటే మళ్లీ అన్నాడు. మనిషికి యాభై చింతగింజలు, మూడు గంటలకు ఎవరి దగ్గర ఎక్కువుంటే వాళ్లది బిళ్ల. నేను ఓడితే మళ్లీ ఎప్పుడూ అడగకూడదు.

వాళ్ల ఆట తెలియనివాళ్ల కోసం చెబుతాను. అందరూ ముందు రెండేసి గింజలు మధ్యలో వేస్తారు. చేతికి రెండు ముక్కలు మూసి ఇస్తారు. తర్వాత మధ్యలో అయిదు ముక్కలు తెరుస్తారు, ముందు మూడు, ఆపైన ఒకటొకటి. ప్రతి విడతలోనూ పంచినవాడి ఎడమపక్క మనిషే ముందు మాట్లాడాలి. తక్కినవాళ్లు ఆ మనిషి పెట్టిన గింజలు చూసి, తామూ అన్నే పెట్టాలా, ముక్కలు పడేసి తప్పుకోవాలా అని తీరిగ్గా తేల్చుకుంటారు. చేతివీ మధ్యవీ కలిపి చివరికి ఎవరి ముక్కలు పెద్దవైతే గింజలన్నీ వాళ్లవి.

మధ్యలో మామ భార్య పెట్టిన చేపల పులుసు అన్నం తిని, మూడుకు అయిదు నిమిషాలుండగా ఆఖరి ఆటకు వచ్చాం. మామ దగ్గర డెబ్బై గింజలు, నా దగ్గర అరవై. పంచింది నా కుడిపక్క అరుళ్. ముక్కలెత్తి చూశాను. ఇస్పేటు రాజు, ఆఠీను రాజు. ముందు మాట్లాడాల్సింది నేనే. నాన్న గుర్తొచ్చాడు.

ఊరికే రెండు గింజలు పెడితే ముగ్గురూ వస్తారు, మధ్యలో ఏ చెత్త ముక్కలు పడినా ఎవరికో ఒకరికి కలుస్తాయి. నాన్న ఓడింది అలాగే. అన్నీ తోసేస్తే ముగ్గురూ పారిపోతారు. గనిలో పేలుడుకు ముందు ఒకడు కేకేస్తే అందరూ తప్పుకునేవాళ్లట, పేకలోనూ వీళ్లకు అదే అలవాటు. అప్పుడు నాకు అరవై ఆరు, మామకు అరవై ఎనిమిది. బిళ్ల గోడకే ఉంటుంది. ఇద్దరు తప్పుకుని ఒక్కరే నిలబడేంత పెట్టాలి, ఆ ఒక్కరూ మామ కావాలి.

పన్నెండు గింజలు లెక్కపెట్టి ముందుకు జరిపాను. మునిరత్నం ముక్కలు కింద పెట్టేశాడు.  మామ నన్ను చాలాసేపు చూసి పన్నెండు జరిపాడు. అరుళ్ తప్పుకున్నాడు. తొమ్మిది, అయిదు, మూడు తెరుచుకున్నాయి. రాజులను కొట్టే ఆసు లేదు. మళ్లీ ముందు నేనే, ఇరవై పెట్టాను. ఆయనా పెట్టాడు. చివరి రెండు ముక్కలకు ఇద్దరం ఏమీ పెట్టలేదు. నావి రాజులు, ఆయనవి పదులు.

ముక్కలు పడేసి ఊరుకుని ఉంటే బిళ్ల మీదే కదా మామా అన్నాను.

"పదుల జత చేతిలో పెట్టుకొని ముడుచుకొని కూచుంటే మీ నాయన నవ్వడా?" అన్నాడాయన. లేచి బిళ్ల తీసి నా అరచేతిలో పెట్టాడు. అనుకున్నదానికంటే బరువుగా ఉంది. గర్వంగానే ఉండింది, దాచడమెందుకు.

నా రైలు నాలుగుంబావుకు. సంచి సర్దుకున్నాను. ఆట అయిపోయింది, పేక పెట్టెలోకి పోయింది, అయినా మునిరత్నం, అరుళ్ ఇళ్లకు లేవరు. అరుళ్ చెప్పులు వేసుకుని కూడా కూచునే ఉన్నాడు. నా కోసం ఆగారేమో అనుకుని, మీరు పదండి అన్నాను.

మునిరత్నం ఇబ్బందిగా గోడవైపు చూశాడు. "అలవాటమ్మా, ఏమీ అనుకోవద్దు. ఒక మేకు ఖాళీగా ఉండాది గదా. మనిషింకా కింద ఉన్నాడని లెక్క. అట్ల ఇడిసిపెట్టి యాడికి పోతాం?"

 బోర్డు మీద మిగిలిన ఆరు బిళ్లల్లో మూడు చనిపోయినవాళ్లవేనని పొద్దునే చెప్పారు నాకు. విన్నాను, అంతే.

వెళ్లి మూడో మేకుకు బిళ్ల తగిలించాను. వెనక కుర్చీలు కదిలాయి. అరుళ్ "సరే, పోయొస్తానప్పా" అని మెట్లు దిగిపోయాడు.

రైలు వేళకే వచ్చింది. బంగారుపేటలో కాఫీ తాగి, కోలారు బస్సులో నిలబడే వచ్చాను. కోరమండల్ పోవాలనుకునేవాళ్లు ఆదివారమే పోండి, మధ్యాహ్నం భోజనానికి మొహమాటపడకండి. నేను ఉత్త చేతులతో తిరిగొచ్చాను. ఏడాదిగా నాన్నను తలచుకుంటే ఏడుపు వచ్చేది. ఆ సాయంత్రం బస్సులో మాత్రం, షిఫ్టు ముగించి ఇల్లు చేరిన మనిషిని తలచుకున్నట్టు తలచుకున్నాను.