బోడుప్పల్ పూజగదిలో కొమ్ము పగడాలు

అది 2009. హైదరాబాద్ నాచారం పారిశ్రామికవాడలో ఒక రాళ్ల షాపులో పనిచేసేదాన్ని. వచ్చినవాళ్లకు శాంపిళ్లు చూపడం, కొలతలు రాసుకోవడం నా పని. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే బెరుకు. రాళ్ల గురించి మాత్రం దొరికిందల్లా చదివేదాన్ని.

అప్పట్లో మాకు విదేశాల నుంచి ఒక నల్ల సున్నపురాయి వచ్చేది. పాలిష్ పడితే అందులో తెల్లని కొమ్ములు తేలేవి. షాపులో దాన్ని ఫాసిల్ అనేవాళ్లం, అంటే రాయిగా మిగిలిపోయిన ఒకప్పటి ప్రాణి.

రమణమ్మ గారు కోస్తా నుంచి వచ్చి బోడుప్పల్‌లో ఇల్లు కట్టుకుంటున్న రిటైర్డ్ టీచర్. పూజగది నేలకు నల్లరాయి అడిగారు. మా కటింగ్ మేస్త్రి యాదన్న ఈ రాయిని తనే ఎంచి, కోసి, తీసుకెళ్లి డ్రై లే చేశాడు. సిమెంటు వేయకముందు పలకల్ని ఉత్తగా పరిచి చూడడాన్ని అలా అంటారు. ఆమె గుమ్మంలోనే ఆగిపోయి, తీసేయమన్నారట. కోసిన రాయి మరో ఇంటికి పనికిరాదు. ఆర్డర్ పోతే యాదన్న కూడా పనిలోంచి పోవాల్సిందేనని తేల్చి చెప్పి, రాళ్ల గురించి చదువుతానని ఓనరు నన్ను యాదన్నతో పాటు ఆటో ఎక్కించాడు.

"ఇవి ఎముకలమ్మాయ్. దేవుడి గదిలో ఎముకలు పరుస్తారా?" అన్నారు రమణమ్మ గారు.

"నువ్వన్న జెప్పు సెల్లె," అన్నాడు యాదన్న.

నేల మీద కూర్చుని చూపించాను. పొడవునా కోత పడినచోట కొమ్ము కనిపిస్తుంది. అడ్డంగా పడినచోట సైకిల్ చక్రంలా లోపల ఊచలుంటాయి. ఎముకకు అవి ఉండవు.

"ఇవి కొమ్ము పగడాలండీ. పాత సముద్రాల్లో ఒక్కో కొమ్ములో ఒక్కో ప్రాణి ఉండేది. ఆ జాతంతా ఇరవై అయిదు కోట్ల ఏళ్ల కిందటే పోయింది."

ఆమె తన వేలి ఉంగరం చూసుకున్నారు. అందులో ఎర్రటి పగడం.

"పగడమా? నవరత్నాల్లో ఒకదాన్ని కాళ్లతో తొక్కమంటావా?"

"మంచిగ జెప్పినవ్," యాదన్న గొణిగాడు. "ఎముకలే నయముండె."

ఉంగరంలోది వేరు, ఇది దానికి చాలా దూరపు చుట్టం మాత్రమే అన్నాను.

"చుట్టమేగా," అన్నారామె.

ఆ మాటతో నాకు దారి దొరికింది. "అయితే తొక్కొద్దండీ. దేవుడి వెనక గోడకు పెడదాం. నేలకు సాదా రాయి వేద్దాం."

ఆమె పలకలన్నీ ఒకసారి చూసి, ఎక్కువ కొమ్ములున్న పలక సరిగ్గా మధ్యలో రావాలన్నారు. యాదన్న అప్పటికే గోడకు టేపు పట్టాడు.

గోడ పూర్తయ్యాక ఓనరు మళ్లీ యాదన్నను తీసేసే ఊసెత్తలేదు. ఎముక అన్నంతసేపు బయటికి పోవాల్సిన రాయి, పగడం అనగానే దేవుడి వెనక్కి చేరింది. ఇప్పుడు ఏ రాయికైనా పేరు చెప్పే ముందు ఒక మాట అడుగుతాను: నేలకా, గోడకా?