గొట్టం పెట్టకుండా పూడ్చిన నుయ్యి

దెయ్యాలున్నాయని నాతో వాదించి నెగ్గినవాళ్లు మా చుట్టాల్లో ఒక్కరూ లేరు. బీఎస్సీ చదివాను. ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే మధ్యలోనే ఆపి, నువ్వు చూశావా, ఎవరో చెప్పారా అని నిలదీస్తాను. మొన్న వేసవిలో జరిగినదానికి మాత్రం సాక్షిని నేనే.

నర్సీపట్నంలో బలిఘట్టం వెళ్లే రోడ్డులో మాకో పాత డాబా ఇల్లుంది. నాన్న కట్టించింది, అద్దెకిస్తాం. పాతవాళ్లు ఖాళీ చేశాక చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లూ ఒకటే అడిగారు, కారెక్కడ పెట్టుకోవాలని. వాకిట్లో జాగా ఉంది గానీ సరిగ్గా మధ్యలో నుయ్యి. ఎండిపోయి చాలా ఏళ్లయింది. సెలవుల్లో అందరం కలిసి ఇల్లు బాగుచేసి, పగలగొట్టిన గచ్చూ పెచ్చులూ అందులోనే పోసి పూడ్చేద్దామన్నది నేనే.

పనికి వచ్చింది మనవాళ్లే. మా ఆయన, ఆయన స్నేహితుడు అప్పారావు గారు, నన్ను అప్పా అని పిలిచే మా తమ్ముడు రమణ, వంటకి అమ్మ. రమణ మాకవరపాలెం వైపు ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. నలభై దాటినా పిల్లలతో సమానంగా పరిగెడతాడు. గ్రౌండు ఈ చివర వాడు విజిల్ ఊదితే ఆ చివర పిల్లలు ఆగిపోవాల్సిందే. తట్టలు మోసింది ఎక్కువ వాడే.

మా వైపు నుయ్యి పూడిస్తే అడుగు నుంచి పైదాకా ఒక గొట్టం నిలబెట్టి, దాని చుట్టూ మట్టి పోస్తారు. పైన గచ్చు చేసినా గొట్టం మూతి తెరిచే ఉంచుతారు. నుయ్యి సగం నిండాక అమ్మ గరిటె పట్టుకునే బయటికొచ్చింది.

"నూతికి ఊపిరాడాలే. బేగి ఓ గొట్టం తెప్పించండి."

"నూతికి ముక్కెక్కడుందే అమ్మా?" అన్నాడు రమణ.

నేను ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. "అంత ఊపిరే కావాలంటే నీ కొడుకు దగ్గర బోల్డుంది, తీసుకోమను" అన్నాను.

అందరం నవ్వాం. అమ్మ నవ్వలేదు. "అది నోరేటే?" అని లోపలికి పోయింది.

గొట్టం పెట్టలేదు. పైన కాంక్రీటు వేసేశాం.

మూడో రోజు పొద్దున్న, ముందు గదిలో లప్పం పెడుతున్న రమణ నిచ్చెన దిగి గోడకి చేరగిలబడ్డాడు. ఊపిరి అందడం లేదన్నాడు. దుమ్ము వల్లే అన్నాను. సాయంత్రానికి మాట పూర్తి చేయలేకపోయాడు. ఆ రాత్రే విశాఖపట్నం తీసుకెళ్లాం.

ఎక్స్‌రే బాగుంది. గుండె బాగుంది. వేలికి తగిలించిన మిషను ఆక్సిజన్ తొంభై ఎనిమిది చూపిస్తోంది. మనిషి మాత్రం నోరు తెరుచుకుని గాలి కోసం పెనుగులాడుతున్నాడు. భయం వల్ల కావచ్చన్నారు డాక్టరు. "నోట్లోకి మట్టొచ్చేస్తందప్పా" అన్నాడు నాతో. తువ్వాలుతో తుడిచి చూశాను. ఉత్త ఉమ్మి.

మూడు రోజులు అలాగే గడిచాయి. ఇంకా ఇలాగే అలిసిపోతే గొంతులోకి గొట్టం వెయ్యాల్సి రావచ్చన్నారు. అమ్మ నా వైపు చూసింది. తిట్టి ఉంటే జవాబు చెప్పేదాన్ని.

బట్టలు తెస్తానని చెప్పి నర్సీపట్నం మొదటి బస్సెక్కాను. అప్పారావు గారు చేతిబోరు వేసేవాళ్లిద్దరిని పిలుచుకొచ్చారు. కాంక్రీటు పగలగొట్టి రాడ్డు దించారు. పన్నెండు అడుగుల దాకా కష్టంగా దిగింది. తర్వాత ఒక్కసారిగా వాళ్ల చేతుల్లోంచి జారి, మనిషెత్తు లోతుకి పడిపోయింది. కింద ఖాళీ. అప్పారావు గారు రిటైరైన లెక్కల మాస్టారు. "ఇంత ఖాళీ ఉండడానికి వీల్లేదమ్మా" అన్నారు. పెచ్చుల మధ్య సందులుంటాయని అప్పుడు కూడా వాదించాను.

గొట్టం దించాక మూతి మీద అరచెయ్యి పెట్టాను. వెచ్చటి గాలి తగిలింది. ఆగింది. తర్వాత నా అరచేతిని లోపలికి పీల్చింది. మళ్లీ వెచ్చగా తగిలింది.

వాళ్లు ముగ్గురూ టీకి వెళ్లారు. గేటు దగ్గరికి వేసి వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, గొట్టానికి నోరు ఆనించాను. "తప్పయిపోయింది. నోరు జారాను. వాణ్ణి వదిలెయ్" అన్నాను. ఎవరితో అన్నానో నాకు తెలీదు.

అరగంటకి మా ఆయన ఫోన్ చేశారు. రమణ లేచి కూర్చుని మంచినీళ్లు అడిగాడట.

మందులు పనిచేశాయనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకునేదాన్ని. కానీ ఇంటికొచ్చిన పది రోజులకి, అన్నం తింటూ తింటూ రమణ నవ్వాడు.

"నీ నోట తప్పయిపోయింది అన్న మాట నా జన్మలో మొదటిసారి ఇన్నానప్పా."

నా చేతిలో మజ్జిగ గిన్నె ఉంది. ఎక్కడ విన్నావురా అన్నాను. వాడి నవ్వు పోయింది. కాసేపు అన్నం కెలికాడు.

"కిందే. సీకట్లో. పైనెక్కడో రూపాయి బిళ్లంత ఎలుతురు కనిపించింది. నువ్వు నోరెట్టీసరికి అదీ పోయింది."

నేనక్కడ కూర్చున్నది చూసినవాళ్లు లేరు. నేను ఎవరికీ చెప్పలేదు. గొట్టం సంగతి అప్పారావు గారు చెప్పి ఉంటారని, నా మాటలు వాడు ఊహించాడని, మత్తులో కలగన్నాడని ఎన్ని రకాలుగానో నాతో నేనే వాదించుకుంటాను. ప్రతిసారీ ఆ వెలుతురు దగ్గరికొచ్చి ఆగిపోతాను.