దిక్కులమ్మ నూనెతొట్టి

ఆ కర్మాగారంలో ఆమెను దిక్కులమ్మ అనే పిలుస్తారు. ఇరవై రెండేళ్లుగా ఆమె పని బిళ్లలకు దిక్కు చూపించడం. బిళ్ల అంటే చొక్కా గుండీ కంటే కాస్త పెద్ద పింగాణీ ముక్క, రెండు వైపులా వెండిపూత. కొలిమిలోంచి వచ్చేటప్పటికి దాని లోపలి రేణువుల్లో ప్లస్సు ఒకదానికి అటు, ఒకదానికి ఇటు ఉంటుంది. ఎవరికి వారే యమునా తీరే. ఆమె ఆ బిళ్లలను వేడినూనెలో దింపి మూడు వేల వోల్టులు ఎక్కిస్తుంది. దాంతో రేణువులు దాదాపు అన్నీ బుద్ధిగా ఒకే వైపు తిరుగుతాయి. నూనె చల్లారేదాకా ఆమె కరెంటు తీయదు. వేడిమీదే తీస్తే సగం మళ్లీ మొదటికొస్తాయి. చల్లారాక తీస్తే ఆ దిక్కులోనే ఉండిపోతాయి. అలాంటి బిళ్లను నొక్కితే కరెంటు పుడుతుంది, కరెంటు ఇస్తే వణుకుతుంది. ఆ వణుకుతోనే ఆసుపత్రుల్లో కడుపులో బిడ్డ గుండెచప్పుడు వింటారు.

ఇన్ని లక్షల బిళ్లలను దారిలో పెట్టిన ఇల్లాలికి మొగుడు మాత్రం లొంగలేదు. ఆయన పక్క గదిలోనే ఆ బిళ్లలకు టంకంతో తీగలు అతికిస్తాడు. కాలే కడ్డీ రెండు సెకన్లకు మించి పెడితే బిళ్ల తన దిక్కు మరిచిపోతుంది. ఈ మాట ఆమె అన్నం వడ్డిస్తూ కూడా చెప్పేది. ఆయన ఊకొట్టి పెరుగు అడిగేవాడు.

ఒక సోమవారం గుండెచప్పుడు యంత్రాలవాళ్లు మూడు వందల బిళ్లలు వెనక్కి పంపారు. ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. తప్పు నూనెతొట్టిదేనని సూపర్‌వైజరు తేల్చేసి, దిక్కులమ్మను ప్యాకింగుకు మారుస్తానన్నాడు. ఆమెకు ఒళ్లు మండింది. అదే విడతలో తీగలు వేయని బిళ్లలు పది అలమరలో మిగిలాయి. వాటిని అతని కళ్లముందే మీటరుకు తగిలించి నొక్కింది. పదిసార్లూ ముల్లు ఎగిరింది. తప్పు టంకం గదిలో ఉందని ఇక చెప్పనక్కర్లేదు.

ఇవాళ మొగుడి పని పడదామని సూపర్‌వైజరును వెంటేసుకుని వెళ్లి, గుమ్మంలోనే ఆగిపోయింది. ఆయన బిళ్లమీద కడ్డీ పెట్టి, ముక్కు ఆనేంతగా వంగి చూస్తున్నాడు. టంకం కరిగిందో లేదో కనబడక, రెండో చేత్తో తీగను తడుముతున్నాడు. ఆమె ఏడు సెకన్లు లెక్కపెట్టింది. ఆరు నెలలుగా ఆయన పేపరు తనచేత చదివించుకుంటుంటే, బద్ధకం ముదిరిందని రోజూ దెప్పింది. ఆమెకు సిగ్గేసింది, భయం కూడా వేసింది. నిజం చెబితే ఆయన కడ్డీ పోతుంది. తప్పు తనమీద వేసుకుంటే తన తొట్టి పోతుంది.

"నా తొట్టిలోనే ఏదో తేడా వచ్చింది సార్," అంది. అప్పుడే పదిసార్లు ఎగిరిన ముల్లును చూసి వచ్చిన సూపర్‌వైజరు తెల్లబోయాడు.

మొగుడు కడ్డీని స్టాండులో పెట్టాడు. "ఆవిడ మాట నమ్మకండి సార్. నాకు కళ్లు సరిగ్గా కనబడట్లేదు. కడ్డీ ఎక్కువసేపు పెడుతున్నాను."

సూపర్‌వైజరు తొట్టిని ఆమెకే వదిలేశాడు. ఆయన్ను కళ్లు చూపించుకోమని, అందాకా కడ్డీ ముట్టొద్దని చెప్పి వెళ్లిపోయాడు.

"నాకైనా చెప్పొచ్చు కదండీ," అందామె.

"చెబితే నన్ను దెప్పడం మానేస్తావని," అన్నాడాయన.